గోమార్ల జ్వరానికి సూది వేయించినా తగ్గలేదు, కారణం ఏమై ఉంటుంది?

ప్రశ్న:
మా సంకరజాతి ఆవు ఈని నెల రోజులయింది. ఐదు రోజులుగా 106 డిగ్రీల జ్వరం ఉంది, మేత ముట్టడం లేదు, పాలు సగానికి పడిపోయాయి. భుజానికి ముందుండే గ్రంథి నిమ్మకాయంత వాచింది, కళ్ల వెంట నీరు కారుతోంది, మూత్రం రంగు మాత్రం మారలేదు. ఒంటి మీద గోమార్లు ఉండడంతో డైమినజీన్ సూది వేయించాము. రెండు రోజులైనా గుణం కనిపించలేదు. గోమార్ల జ్వరానికి ఇచ్చే మందే కదా, ఎందుకు పనిచేయలేదో వివరించగలరు.

మొదటి జవాబు (పశువైద్యుడు):
గోమార్ల జ్వరం అనేది ఒకే జబ్బు కాదు. బబీసియా అనే పరాన్నజీవి ఎర్ర రక్తకణాలను రక్తనాళాల్లోనే పగలగొడుతుంది కనుక మూత్రం కాఫీ రంగులోకి మారుతుంది, డైమినజీన్ పనిచేసేది దాని మీదనే. అనాప్లాస్మా నిజానికి బాక్టీరియా, దానికి ఆక్సీటెట్రాసైక్లిన్ వాడతాము. థైలీరియా అనే మరో పరాన్నజీవి ముందుగా లింఫ్ గ్రంథుల్లోని తెల్లకణాల్లో పెరిగి, ఆ తర్వాతే ఎర్రకణాల్లోకి చేరుతుంది. మీరు చెప్పిన గ్రంథి వాపు, మామూలు రంగు మూత్రం థైలీరియానే సూచిస్తున్నాయి, దానికి బుపార్వాక్వోన్ కావాలి. అయితే ఊహ మీద మరో సూది వేయించకండి. చెవి సిర నుంచి తీసిన రక్తపు చుక్కతో పాటు, వాచిన గ్రంథి నుంచి సూదితో తీసిన ద్రవాన్ని కూడా స్లైడు మీద పరీక్ష చేయించండి, ఎందుకంటే జబ్బు తొలి రోజుల్లో రక్తంలో ఏమీ కనిపించకపోయినా గ్రంథిలో కనిపిస్తుంది. రక్తంలో ఏమీ లేదన్న ఒక్క మాట నమ్మి విలువైన రోజులు పోగొట్టుకున్న పశువులను చాలా చూశాను.

రెండో జవాబు (పాడిరైతు):
ఆవుకు వైద్యం చేయిస్తూనే కొట్టాన్ని కూడా చూసుకోండి. థైలీరియాను మోసే హయలోమా గోమార్లు గోడల పగుళ్లలో దాక్కుంటాయి, కాబట్టి పశువు ఒంటికి మాత్రమే మందు కొడితే అవి మళ్లీ ఎక్కుతాయి. పగుళ్లు పూడ్చి, గోడలకూ డాక్టరు చెప్పిన మోతాదులోనే మందు పిచికారీ చేయాలి. గోమారు అంటుకున్న తర్వాత రెండు మూడు రోజులు రక్తం పీల్చాకే అందులోని పరాన్నజీవి పశువులోకి దిగే దశకు వస్తుందని మాకు శిక్షణలో చెప్పారు. అందుకే మేము రోజూ చెవుల లోపల, పొదుగు చుట్టూ, తోక కింద వెతికి తీసేస్తాము.

అడిగినవారు:
గ్రంథి స్లైడులో థైలీరియా కనిపించింది, రక్తపు స్లైడులో ఏమీ లేదు. బుపార్వాక్వోన్ వేశారు. ఈ ఉదయం జ్వరం 103కి దిగింది, కాస్త పచ్చగడ్డి తిన్నది. కనురెప్పల లోపలి భాగం మాత్రం ఇంకా పాలిపోయే ఉంది.

మొదటి జవాబు ఇచ్చినవారు:
జ్వరం తగ్గినంత మాత్రాన రక్తహీనత తీరదు. రక్తశాతం ఎంత ఉందో వెంటనే చూపించండి, మరీ తక్కువైతే మరో ఆరోగ్యమైన పశువు రక్తం ఎక్కించాల్సి రావచ్చు. అప్పటివరకు ఆవును నీడలోనే ఉంచండి, నడిపించవద్దు.