మూల ఇంటి ప్రహరీ ఎంత ఎత్తు ఉండాలి? కౌన్సిల్‌కి ఇచ్చే కాగితంలో ఏం రాయమంటారు?

లెక్కల టీచర్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది 240 గజాల కార్నర్ బిట్. దక్షిణాన 30 అడుగుల రోడ్డు, పడమర 25 అడుగుల రోడ్డు. 1998లో మా వారు దగ్గరుండి ప్రహరీ కట్టించారు. నైరుతి మూల ఎత్తుగా, బరువుగా ఉండాలని పెద్దలు చెప్పారని ఆ మూలన 6 అడుగులు లేపి, మిగతా చోట 5 అడుగులకి ఆపారు. ఇన్నేళ్ళూ ఆ గోడ గురించి నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

పోయిన ఆగస్టులో ఎదురింటి పాప ట్యూషన్‌కి సైకిల్ మీద బయల్దేరింది. ఆరో తరగతి. పడమటి రోడ్డు దిగి మా మూల దగ్గర దక్షిణం రోడ్డులోకి వచ్చింది, ఎడమ నుంచి ఆటో వచ్చి తగిలింది. చేయి విరిగింది. నేను గేటు దగ్గరే నిలబడి ఉన్నాను. ఆటో అతను వేగంగా రాలేదు. పాపకి ఆటో కనపడలేదు, అతనికి పాప కనపడలేదు. ఇద్దరి మధ్యా ఉన్నది నా గోడ.

మర్నాడు టేపు తీసుకుని కొలిచాను. సైకిల్ మీద కూర్చున్న ఆ వయసు పిల్ల కళ్ళు నేలనుంచి 3 అడుగుల 10 అంగుళాల ఎత్తులో ఉన్నాయి. కళ్ళకన్నా ముందు చక్రం 2 అడుగుల 9 అంగుళాలు ముందుంది. మా గోడ మోరీకి ఆనుకునే ఉంది. అంటే పిల్ల గోడ దాటి అటు చూసేసరికే చక్రం రోడ్డు మీద ఉంటుంది. ఎంత జాగ్రత్తగా తొక్కినా అంతే. పిల్లలకి "చూసుకుని వెళ్ళండి" అని చెబుతూ ముప్ఫై ఏళ్ళు ఉద్యోగం చేశాను. చూడ్డానికి వీల్లేకుండా నా ఇంటి గోడే అడ్డం నిలబడింది.

దసరా వెళ్ళాక మేస్త్రీని పిలిపించి, మూల నుంచి రెండు వైపులా 10 అడుగుల మేర గోడని రెండున్నర అడుగులకి దింపించాను. ఆయన కట్టించిన గోడ మీద సుత్తి పడుతుంటే చూడలేక లోపలికి వెళ్ళిపోయాను.

ఇప్పుడు విషయం ఏమిటంటే, మా మున్సిపాలిటీలో ప్రహరీలు, కంచెల మీద ఒక తీర్మానం తెస్తారట. కాలనీ తరఫున రాసి ఇవ్వమని మా వార్డు కౌన్సిలర్ అడిగారు. మూల ఇళ్ళ గోడలు తగ్గించాలని మీటింగులో అంటే, దొంగల భయం ఉందని సగం మంది లేచారు. నైరుతి తగ్గిస్తే ఇంటి యజమానికి మంచిది కాదని ఇంకొందరు. మెయిన్ రోడ్డు మీద గోడౌన్లకి 8 అడుగుల రేకులు, వాటి గేట్లు రోడ్డు మీదికే తెరుచుకుంటాయి. ఇళ్ళకీ వాటికీ ఒకటే రూలు పెట్టమనాలా? ఏ ఆధారంతో అడిగితే నిలబడుతుంది?

పాత టీపీఎస్:

టీచర్ గారూ, నేను టౌన్ ప్లానింగ్ సూపర్‌వైజర్‌గా (టీపీఎస్) పనిచేసి రిటైరయ్యాను. మీరు కొత్తగా ఏమీ కనిపెట్టి రాయక్కర్లేదు. జాతీయ భవన నిర్మాణ కోడ్ 2016, మూడో భాగంలో ప్రహరీ గురించి స్పష్టంగా ఉంది. మామూలు ఇంటికి గోడ ఎత్తు 1.5 మీటర్లు, అంటే దాదాపు 5 అడుగులు. 2.4 మీటర్ల దాకా వెళ్ళొచ్చు, కానీ పైన 0.9 మీటర్లు గ్రిల్లులా అవతలికి కనిపించేట్టు ఉండాలి, డిజైన్‌కి ఆఫీసు ఆమోదం కావాలి. మూల ప్లాటుకైతే కూడలి నుంచి రెండు వైపులా 10 మీటర్ల పొడవున గోడ 0.75 మీటర్లే. ఆ పైన ఇంకో 0.75 మీటర్లు కావాలంటే రెయిలింగ్. మీరు దింపించిన రెండున్నర అడుగులు ఇంచుమించు అదే ఎత్తు. కాకపోతే మీరు 10 అడుగులు చేశారు, కోడ్ చెప్పేది 10 మీటర్లు, అంటే దాదాపు 33 అడుగులు.

ఎత్తు ఎక్కడి నుంచి కొలవాలన్నది ముఖ్యం. ముందున్న రోడ్డు మధ్య గీత నుంచి కొలవాలి. సీసీ రోడ్డు మీద మళ్ళీ సీసీ వేసి అర అడుగు లేపిన వీధుల్లో మీ లోపలి నేల నుంచి కొలిస్తే లెక్క తప్పుతుంది. మీ కాగితంలో ఈ మాట తప్పకుండా ఉండాలి. నేను చూసిన ప్రహరీ తగాదాల్లో చాలా వరకు టేపు ఎక్కడ ఆనించారన్న దగ్గరే మొదలయ్యాయి.

అయితే ఆ కోడ్ నమూనా మాత్రమే. మన తెలంగాణలో నడిచేది రాష్ట్ర బిల్డింగ్ రూల్స్, అంటే 2012 నాటి జీవో 168. అందులో కూడళ్ళ దగ్గర స్ప్లే, అంటే ప్లాటు మూలని ఏటవాలుగా కోసి ఖాళీ, వదలాలని ఉంది. 12 మీటర్లలోపు రోడ్లయితే 3 మీటర్లకి 3 మీటర్లు. ఆ ముక్క రోడ్డులో భాగం కిందే లెక్క. కాబట్టి మీ కౌన్సిల్ తనంతట తాను రాష్ట్ర రూల్స్ మార్చలేదు. తీర్మానం చేసి ప్రభుత్వానికి పంపొచ్చు. స్ప్లే మాత్రం ఇప్పుడే అమలు చేయమని అడగొచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కొత్తగా అనుమతికి వచ్చే ప్రతి మూల ఇంటికీ ప్లాన్‌లో చూపించి, కట్టాక వెళ్ళి కొలిస్తే చాలు.

ఐరన్ షాపు:

నాకు మెయిన్ రోడ్డు మీద ఇనుము, సిమెంటు షాపు, వెనకాల గోడౌన్ ఉన్నాయి. రేకులు వేసుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. చువ్వల కట్ట రాత్రికి రాత్రి పోతే ఆ నష్టం నాదే, అందుకే 8 అడుగులు లేపాను. ఇళ్ళకి పెట్టే 5 అడుగులు మాకూ పెడితే ఒప్పుకోలేం. ఫ్యాక్టరీలకి, వర్క్‌షాపులకి 2.4 మీటర్ల వరకు అనుమతించవచ్చని అదే కోడ్‌లో ఉందని మా ఇంజనీరు చెప్పాడు. గోడౌన్ మాట కూడా విడిగా రాయండి.

కానీ టీచర్ గారు గేటు గురించి చెప్పింది నిజం. మా గేటు బయటికే తెరుచుకునేది. లారీ వచ్చిన ప్రతిసారీ పన్నెండు అడుగుల రెక్క రోడ్డు మీద ఉండేది, బండ్లవాళ్ళు దాన్ని తప్పించుకుని అటు పక్కకి వెళ్ళేవాళ్ళు. లోపలికి తిప్పుదామంటే లారీకి చోటు చాలదు. చివరికి పట్టాల మీద జరిగే గేటు పెట్టించాను. ఖర్చు అయింది, అయినా పెట్టించాల్సిందే. "గేటు ఏ భాగమూ రోడ్డు మీదికి రాకూడదు" అని మా షాపులకి కూడా గట్టిగానే రాయండి. రేకుల గురించి ఒక మాట. ఒంపు దగ్గర ఉన్న షాపులకి కింద రేకు, పైన చైన్‌లింక్ జాలి అంటే మేం ఒప్పుకుంటాం.

సెంట్రింగ్ మేస్త్రీ:

మేడం, గోడ దింపితే సరిపోదు, మూల పిల్లర్ చూడండి. చాలా ఇళ్ళకి మూలన అడుగున్నర మందం పిల్లర్ కట్టి పైన లైటు పెడతారు. గ్రిల్లు వేసినా ఆ పిల్లర్ చాటున సైకిల్ కనపడదు. మూలని కోణం తీసి, పిల్లర్ బదులు రెండంగుళాల పైపు నిలబెడితే గ్రిల్లు ఆగుతుంది. గ్రిల్లుకి మల్లె తీగ, బోగన్‌విలియా ఎక్కించొద్దు. రెండు వానాకాలాలు గడిస్తే అది మళ్ళీ గోడే. గ్రిల్లు వెనక ఫైబర్ షీటు కట్టేవాళ్ళు కూడా ఉన్నారు, అది కూడా రాయండి.

నైరుతి గురించి నన్ను చాలామంది అడుగుతారు. కాంపౌండ్ మూల తగ్గించి, ఇంటి నైరుతి గది మీద పిట్టగోడ కొంచెం లేపమని చెబుతాను. వాళ్ళ మనసు కుదుటపడుతుంది, రోడ్డూ కనపడుతుంది.

లెక్కల టీచర్:

ముగ్గురికీ నమస్కారాలు. పిట్టగోడ మాట మా మీటింగులో చెబితే ఇద్దరు అక్కడికక్కడే సరేనన్నారు. నేను ఎన్ని కొలతలు చూపించినా రాని ఒప్పుదల అది.

కాగితం తిరగరాశాను. ఎత్తు రోడ్డు మధ్య నుంచి కొలవాలి. మూలన రెండున్నర అడుగుల గోడ, కావాలంటే ఆపైన రెండున్నర అడుగుల గ్రిల్లు, దాని మీద తీగలు, షీట్లు వద్దు. గోడౌన్లకి ఎత్తు విడిగా, గేటు రూలు మాత్రం అందరికీ ఒకటే. ఉన్న గోడలకి రెండేళ్ళ గడువు అడిగాను, ముందు బడి దారిలో ఉన్న మూలలు. అలాంటివి మా వార్డులో పద్నాలుగు ఉన్నాయి, నిన్న సాయంత్రం పాపని వెంటబెట్టుకుని నడిచి లెక్కపెట్టాను. చేతి కట్టు విప్పి చాలా రోజులైంది, అయినా ఆ మూల దగ్గర ఇప్పటికీ సైకిల్ దిగి నడిపించుకునే వెళ్తోంది.

మేస్త్రీ గారూ, మిగిలిన 23 అడుగులూ రెండు వైపులా దింపాలి. మూల పిల్లర్ కూడా తీసేయాలి, దాని లోపల మా వారు వేయించిన రాతి కడీ ఉంది. అది పగలకుండా బయటికి తీయొచ్చా? తులసికోట పక్కన పెట్టుకుంటాను.