అప్‌డేట్: పెట్రోలా, ఎలక్ట్రిక్కా అని అడిగాను కదా, ఎలక్ట్రిక్కే తీసుకున్నాం

ఎల్బీనగర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకు రోజూ తిరగాలి, ఏ కారు మేలని అడిగాను. చివరికి తేల్చేసింది పన్నే. తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 దాకా ఎలక్ట్రిక్ కార్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. జీఎస్టీ కూడా 5 శాతమే. పెట్రోలు కారుతో ధరలో తేడా అక్కడే చాలావరకు తగ్గిపోయింది.

అసలు ఇబ్బంది అపార్ట్‌మెంట్‌లో వచ్చింది. పార్కింగ్‌లో ప్లగ్ పెడితే మంటలొస్తాయని కొందరు భయపడ్డారు, వాళ్ల భయమూ అర్థం చేసుకోదగిందే. మా మీటరు నుంచే విడిగా వైరు లాగించి, ఎర్తింగు, ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు దానంతటదే ఆపేసే స్విచ్) ఎలక్ట్రీషియన్ చేత వాళ్ల ముందే చూపించాను. ఒప్పించడానికి నెల పట్టింది. ఇప్పుడు రాత్రి 15 ఆంపియర్ల సాకెట్‌కు పెడితే పొద్దున్నకు సరిపడా ఎక్కుతోంది, యూనిట్‌కు 7 కిలోమీటర్ల దాకా వస్తోంది. మొన్న పొరుగాయన కూడా అదే ఎలక్ట్రీషియన్ నంబరు అడిగారు!

సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్. విజయవాడ వెళ్లొచ్చాక హైవే సంగతి రాస్తాను.