60ల నాటి పఫ్, కొప్పు: గంటకే కుంగిపోతున్నాయి, ఎక్కడ తేడా వస్తోంది?

నడుందాకా_జడ:
పాత సినిమాల్లో హీరోయిన్లకి ఉండే ఎత్తు పఫ్, వెనక గుండ్రటి పెద్ద కొప్పు. చెల్లెలి సంగీత్‌కి ఆ తలకట్టు ఇంట్లోనే వేయాలి. సాయంత్రం ఆరు నుంచి పదకొండు దాకా నిలవాలి, మధ్యలో డాన్సులు కూడా ఉన్నాయి. తన జుట్టు నడుం దాటుతుంది కానీ పలచన, చేతిలోంచి జారిపోయే రకం. షాంపూ, కండిషనర్‌తో తలస్నానం అయ్యాక బ్యాక్ కోంబింగ్ (ఎత్తు రావడానికి జుట్టును కుదుళ్ల వైపుకి వెనక్కి దువ్వి చిక్కుపెట్టడం) చేస్తే గంటకే పఫ్ మాడుకు అతుక్కుపోతోంది. కొప్పేమో మెడ మీదికి దిగుతోంది. ఇరవై పిన్నులు పెట్టినా అంతే, పైగా తలనొప్పి అంటోంది. స్ప్రే ఇంకా ఎక్కువ కొట్టాలా? పఫ్ లోపల పెట్టే ప్లాస్టిక్ బంపిట్ కొనాలా?

తోకదువ్వెన:
స్ప్రే పెంచకండి. కుదుళ్ల దగ్గర ఆసరా లేకపోతే స్ప్రే పైపొరనే బిగుసుకుపోయేలా చేస్తుంది, ఆ బరువుకి పఫ్ ఇంకా త్వరగా కూర్చుంటుంది.

తలస్నానం ముందురోజే చేయించండి. కండిషనర్ చివర్లకే రాయాలి, కుదుళ్లకి తగలకూడదు. ఆ తర్వాత నూనె, సీరమ్ ఏవీ వద్దు. మరీ జారుతుంటే లోపలి పొరల కుదుళ్లకి చిటికెడు టాల్కం పౌడర్ రుద్దండి. పైపొరకి రాస్తే నల్లజుట్టులో తెల్లగా తేలుతుంది.

చెవి నుంచి చెవికి నెత్తి మీదుగా పాపిడి తీసి, ముందు జుట్టును క్లిప్పు పెట్టి పక్కన ఉంచండి. దాన్ని దువ్వి చిక్కుపెట్టకూడదు, చివర్లో అదే కప్పు అవుతుంది. దాని వెనక అరచేతి వెడల్పు మేర నడినెత్తి జుట్టు పఫ్‌కి. మిగతాదంతా వెనక్కి పోనీ కట్టేయండి.

నడినెత్తి జుట్టును అంగుళం మందం పొరలుగా నాలుగైదు చేసి, వెనక నుంచి ముందుకు రండి. ఒక్కో పొరను నిటారుగా, కాస్త ముఖం వైపుకి వంచి పట్టుకోండి. కుదురుకి మూడు అంగుళాల పైన దువ్వెన పెట్టి మాడు దాకా కిందికి నెట్టండి. దువ్వెన బయటికి తీసేసి, మళ్లీ పైనుంచి నెట్టండి. పొరకి మూడు నాలుగు సార్లు చాలు. చాలామంది దువ్వెన తీయకుండా రంపం కోసినట్టు పైకీ కిందికీ లాగుతారు. అప్పుడు చిక్కు జుట్టు మధ్యలో పడుతుంది, కుదురు దగ్గర దిండు తయారవదు. గంటకే కుంగడానికి ముఖ్య కారణం ఇదే అయ్యుంటుంది. ప్రతి పొర అయ్యాక జానెడు దూరం నుంచి కుదురుకి మాత్రమే ఒక్కసారి స్ప్రే. అది ఆరాకే తర్వాతి పొర.

ఇక ముందు జుట్టును వెనక్కి వేసి, మెత్తటి బ్రష్‌తో పైపైన సర్దండి. నొక్కి దువ్వారో, చేసిందంతా పోతుంది. అన్నీ కలిపి పోనీకి కాస్త పైన పట్టుకుని, సగం మెలి తిప్పి, అర అంగుళం ముందుకు తోసి, రెండు చెంపపిన్నులు ఇంటూ గుర్తులా అడ్డంగా పెట్టండి. చివరి ఎత్తు ఆ తోపుతోనే వస్తుంది.

మూరెడు_మల్లెలు:
పఫ్ గురించి పైన చెప్పేశారు, నేను కొప్పు సంగతి చెప్తాను. అది జారుతోందంటే పిన్నులు కొప్పుని కొప్పుకే పట్టి ఉంచుతున్నాయన్నమాట. తలకి పట్టింది ఏదీ లేదు.

ముందు మెడ దగ్గర కాకుండా, చెవుల పైభాగానికి సమానమైన ఎత్తులో పోనీ కట్టండి. రబ్బరు బ్యాండ్ల కంటే నల్ల ఎలాస్టిక్ మేలు. పోనీకి ఆనుకుని, కింద ఉన్న జుట్టులోంచి వేలిమందం పాయ తీసి చిన్న జడ అల్లి, చుట్టలా తలకి ఆనించి, ఇంటూ గుర్తు పిన్నులతో బిగించండి. ఇదే కొప్పుకి పునాది. తర్వాత పెట్టే ప్రతి పిన్నూ దీన్ని పట్టుకోవాలి.

పలచటి జుట్టుతో పెద్ద కొప్పు రాదు కాబట్టి సవరం తప్పదు. పొట్టి సవరాన్ని ఉండలా చుట్టి, హెయిర్ నెట్‌లో పెట్టి ముడేయండి. దాన్ని పోనీ కింద, పునాది మీద ఉంచి నాలుగు వైపులా పిన్నులు పెట్టండి. పోనీ జుట్టును దాని మీద నుంచి విప్పార్చి, చివర్లు అడుగున దోపేయండి. పఫ్ కొసలు కూడా కొప్పు చుట్టూ తిప్పితే అతుకు కనబడదు. పైన ఇంకో నెట్.

నెట్ అంచున యూ పిన్నులు పెట్టేటప్పుడు నేరుగా గుచ్చకండి. ముందు పిన్ను కొనలతో కొప్పు జుట్టు కొంచెం పట్టి, పిన్ను మొత్తం తిరగేసి, తల జుట్టును కలుపుకుంటూ కొప్పు మధ్యకి తోయాలి. అలా పెడితే ఎనిమిది చాలు. చెంపపిన్నుకి వంకర్లున్న వైపు తలకి ఆనాలి, నున్నటి వైపు పైకి. తలనొప్పి సాధారణంగా ఒకట్రెండు పిన్నుల కొనలు మాడుకు దిగడం వల్లే. ఎక్కడ నొప్పి అంటే అక్కడి పిన్ను తీసి మళ్లీ పెట్టండి, సర్దుకుంటుందిలే అనుకోకండి.

చిక్కుముడి:
బంపిట్ వద్దనే నా ఓటు. పలచటి జుట్టులో దాని పళ్లు కనబడతాయి, డాన్సులో పక్కకి జరుగుతుంది కూడా. రాలిన వెంట్రుకలు దాచి సవరం కట్టించుకునే అలవాటు మన ఇళ్లలో ఉండేదిగా, పఫ్ లోపలికీ ఆ పద్ధతే బెస్ట్: కోడిగుడ్డంత వెంట్రుకల ఉండని నెట్‌లో చుట్టి రెండో, మూడో పొరల మధ్య పిన్ను చేయండి. రంగూ కలుస్తుంది, బరువూ ఉండదు.

ఇంకోటి, వీడియోల్లో 'బీహైవ్' అని వెతక్కండి. అది 1960లో షికాగోలో మార్గరెట్ విన్సీ హెల్ట్ చేసిన తలకట్టు, జుట్టంతా నెత్తిమీదే శంకులా పేరుస్తారు. వెనక కొప్పు విడిగా ఉండదు. మీకు కావాల్సింది అది కాదు.

నడుందాకా_జడ:
అందరికీ థాంక్సండీ. రెండు మూరల మల్లెలు పెడదామనుకుంటున్నాం, బరువుకి లాగదు కదా? రాత్రి ఈ చిక్కంతా ఎలా తీయాలి?

మూరెడు_మల్లెలు:
రెండు మూరలు పరవాలేదు. నీళ్లు బాగా దులిపి పెట్టండి, తడి తగిలితే జుట్టు మెత్తబడి కుంగుతుంది. దండని కొప్పు నెట్‌కి కాదు, పునాది దాకా దిగేలా మూడు యూ పిన్నులతో పట్టించండి.

తోకదువ్వెన:
తీసేటప్పుడు తొందరపడితే జుట్టు తెగుతుంది. ముందు పిన్నులన్నీ తీసి లెక్కచూసుకోండి, నల్లపిన్నులు లోపల ఉండిపోతాయి. చిక్కుతోనే తలంటకండి, ఇంకా ముడిపడుతుంది. చిక్కుపడ్డ చోట కొబ్బరినూనె ధారాళంగా పట్టించి పావుగంట ఆగి, వేళ్లతో విడదీయండి. తర్వాత పెద్దపళ్ల దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి రావాలి. అప్పుడు షాంపూ.

స్ప్రేకి నిప్పు తగిలితే భగ్గుమంటుంది, కొట్టేటప్పుడు దీపం, అగరుబత్తి దగ్గర్లో లేకుండా చూసుకోండి. హారతి ఉంటే స్ప్రే పూర్తిగా ఆరాకే.