ఎప్పింగ్ ఫారెస్ట్‌లో చెట్టు మొదట్లో గుత్తులుగా పుట్టగొడుగులు, ఇవి హనీ ఫంగసేనా? తినొచ్చా?

ఇల్ఫర్డ్_సత్తిబాబు:
అందరికీ నమస్తే. వీకెండ్ పిల్లలతో ఎప్పింగ్ ఫారెస్ట్ వెళ్ళాం, లౌటన్ వైపు. ఒక బీచ్ చెట్టు సగం ఎండిపోయి ఉంది, దాని మొదట్లో వేళ్ళ సందుల్లోంచి తేనె రంగు పుట్టగొడుగులు గుత్తులు గుత్తులుగా వచ్చేసినయ్, ఒక్కో గుత్తికి ఇరవై ముప్పై తలలు ఈజీగా ఉంటాయి. మా అమ్మ మండపేట నుంచి వచ్చింది, ఆవిడ చూసీ చూడగానే చున్నీలో కోసెయ్యమంటోంది మా ఆవిడతో. పురుగు తింటోంది కాబట్టి మనమూ తినొచ్చట, ఇంకా డౌటుంటే ఉల్లిపాయ వేసి ఉడికించి నల్లబడితే పారేద్దాం అంటోంది. ఫొటో తీసుకుని వచ్చేశాం, యాప్‌లో పెడితే హనీ ఫంగస్ అని చూపిస్తోంది. తెలిసినోళ్ళు ఎవరైనా చెప్పండి, అమ్మ రోజూ అడుగుతోంది.

వాల్తంస్టో_వాసి:
బాబుగారూ తినే సంగతి తర్వాత, ఎప్పింగ్‌లో అసలు కొయ్యకూడదు. ఆ అడవి సిటీ ఆఫ్ లండన్ కార్పొరేషన్ వాళ్ళది, 1878లో చట్టం చేసి మరీ కాపాడుకుంటున్నారు, పుట్టగొడుగులు కోస్తే కేసు పెడతారు కూడా. ఫొటోలు ఎన్నైనా తీసుకోండి.

మొక్కలపిచ్చి_రెడింగ్:
సత్తిబాబు గారూ, ఫొటో చూస్తే హనీ ఫంగస్‌లాగే ఉంది కానీ ఫొటో చూసి తినమని ఎవరూ చెప్పరు, చెప్పినా వినకండి. మీరు చూడాల్సినవి చెప్తాను. ఒకటి కాడ మీద ఉంగరం, హనీ ఫంగస్‌లో ఆర్మిల్లేరియా మెల్లియా అనే రకానికి అది తెల్లగా మందంగా ఉండి అంచు కాస్త పసుపు తిరుగుతుంది, కాడలన్నీ కింద సన్నబడి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. అదే ఆర్మిల్లేరియా గాలికా అనే ఇంకో రకం అయితే ఉంగరం సాలెగూడంత పల్చన, కాడ అడుగున ఉబ్బుంటుంది, గుత్తి కూడా అంత బిగువుగా ఉండదు. ఇంకోటి స్పోర్ల రంగు, అంటే గొడుగు కింద నుంచి రాలే విత్తనాల్లాంటి పొడి రంగు, ఇది ముఖ్యం. హనీ ఫంగస్‌వి తెల్లనివి. గుత్తిలో పైన ఉన్న గొడుగు కింద ఉన్నదాని నెత్తి మీద రాలుస్తుంది కదా, కింది గొడుగుల మీద ముగ్గుపిండి జల్లినట్టు కనిపిస్తుంది, వంగి చూస్తే చాలు, కొయ్యక్కర్లేదు.

ఇదెందుకు ఇంతలా చెప్తున్నానంటే గాలెరినా మార్జినాటా అని ఒకటుంది, అదీ చచ్చిన కట్టె మీదే వస్తుంది, అదీ తేనె రంగే, దానికీ చిన్న ఉంగరం ఉంటుంది, స్పోర్లు మాత్రం తుప్పు రంగు. దాంట్లో ఉన్నది డెత్ క్యాప్ అనే ప్రాణాలు తీసే పుట్టగొడుగులో ఉన్న విషమే, తిన్న వెంటనే ఏమీ అనిపించదు, గంటలు గడిచాక వాంతులు విరేచనాలు, అవి తగ్గి బాగానే ఉన్నట్టుండి అప్పుడు లివర్ పోతుంది. సల్ఫర్ టఫ్ట్ అని ఇంకోటి, గుత్తులుగానే, ఉంగరం సరిగ్గా ఉండదు, చేదు విషం, స్పోర్లు ఊదా గోధుమ రంగు. ఇక ఉల్లిపాయ నల్లబడటం, వెండి స్పూను రంగు మారటం, పురుగు తినటం, వీటిలో ఒక్కటీ ఆ విషాన్ని పట్టుకోదు, నత్తలు డెత్ క్యాప్‌ని సుబ్బరంగా తినేస్తాయి. అమ్మగారికి మన పుట్టల మీద వానాకాలం వచ్చేవి బాగా తెలిసే ఉంటాయి, అవి చెదపురుగులు పెంచుకునే రకం, ఆ చోటు చూసే గుర్తుపడతారు. ఇక్కడ పుట్టా లేదు ఆ చెదలూ లేవు, ఆ లెక్క పనికిరాదు.

కరీంనగర్_పోరడు:
అన్నా మా ఆఫీసుల పోలండ్ ఆయన ఉన్నడు, గీ సీజన్ వస్తే చాలు గివే తెచ్చుకుంటడు, వాళ్ళ దగ్గర పచ్చడి లెక్క వెనిగర్ల పెడ్తరట. గని ముందు మంచిగ ఉడకబెట్టి ఆ నీళ్ళు పారబోస్తరు, కాడలు గట్టిగుంటయని తీసేస్తరు. పచ్చివి తింటే కడుపు ఖరాబే, ఉడకబెట్టినా కొంతమందికి పడదట. ఆయనకు చిన్నప్పటి సంది అలవాటు, నువ్వైతే ఆగరాదు. అమ్మకు సూపర్‌మార్కెట్ల చెస్ట్‌నట్ మష్రూమ్ తెచ్చి ఇగురు చేయించు, అయిపోతది ముచ్చట.

హిల్స్‌బరో_రమణ:
ఇది చూసి మా ఒరెగాన్ గుర్తొచ్చింది. ఇక్కడ తూర్పు వైపు మాల్హ్యూర్ నేషనల్ ఫారెస్ట్‌లో దీని దగ్గరి చుట్టం, ఆర్మిల్లేరియా ఆస్టోయె అనే రకం, ఒకే జీవి సుమారు 965 హెక్టార్లు పాకి ఉంది, వయసు తక్కువలో తక్కువ 2,400 ఏళ్ళంటారు. అయితే వెళ్తే చూడ్డానికేమీ ఉండదు, అదంతా నేల కిందే, పైకి కనిపించేది ఎండిపోయిన ఫర్ చెట్లే. గొడుగులు ఆకురాలు కాలంలో కొన్నాళ్ళు వచ్చిపోతాయంతే. చీకట్లో దీని బూజు పట్టిన కట్టె లేత పచ్చగా వెలుగుతుంది కూడా, కానీ చాలా మసక, కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా నిలబడాలి.

ఇల్ఫర్డ్_సత్తిబాబు:
అందరికీ చాలా థాంక్స్ అండి. అమ్మకి లివర్ మాట చెప్పాను, మారు మాట్లాడలేదు. ఇంకో డౌటు, మా గార్డెన్‌లో ప్రివెట్ హెడ్జ్, అదే కంచెలా పెంచే పొదలు, ఒక చివర నుంచి ఎండుకుంటూ వస్తోంది, చెట్లని ఎండబెట్టే ఈ హనీ ఫంగసేనా అది కూడా? షూలకి అంటుకుని అడవి నుంచి వచ్చిందంటోంది మా ఆవిడ.

మొక్కలపిచ్చి_రెడింగ్:
షూలతో రాదండి, మీ ఆవిడగారికి చెప్పండి. అది మామూలుగా నేలలోంచి వేరు నుంచి వేరుకి వస్తుంది, లేదా నల్లటి బూట్ లేసుల్లాంటి తాళ్ళు పంపించుకుంటుంది, ఏడాదికి మీటరు దాకా పాకుతుంది. ప్రివెట్‌కి ఇదంటే అస్సలు తట్టుకునే శక్తి లేదు. ఎండిన మొక్క మొదట్లో, నేల దగ్గర, చాకుతో బెరడు లేపండి. బెరడుకీ కట్టెకీ మధ్య తెల్లటి పొర కనపడి పుట్టగొడుగు వాసన గుప్పుమంటే అదే. పొర లేకపోతే నీళ్ళు నిలవటమో ఎండదెబ్బో అయ్యుండొచ్చు.

అదే అయితే కొట్టే మందేమీ లేదు, ఆన్‌లైన్‌లో ఎవడైనా అమ్మితే కొనకండి. ఎండినవాటిని వేళ్ళతో సహా తవ్వి తీసెయ్యాలి, మొద్దులు వదిలితే దానికి మేత వేసినట్టే. పక్కన బతికున్న హెడ్జ్‌కి అడ్డంగా చెరువులకి వేసే రబ్బరు షీటు 45 సెంటీమీటర్ల లోతున నిలువుగా దింపి, పైకి రెండు మూడు సెంటీమీటర్లు వదలండి. ఆ ఖాళీలో కొన్నాళ్ళు గులాబీలూ ఆపిల్ చెట్లూ పెట్టొద్దు, గడ్డి వేసుకోండి. బాక్స్ అనే కంచె పొద తట్టుకుంటుంది గానీ లండన్‌లో దాన్ని గొంగళిపురుగులు బతకనివ్వట్లేదు, నేనైతే పెట్టను.

అడవిలో చెట్టు గురించి మాత్రం బెంగ వద్దు. అక్కడది ముసలి చెట్లని, నీరసపడ్డవాటిని కూల్చి మట్టిలో కలిపే పని చేస్తోంది, ఆ కుళ్ళిన కట్టెలో బతికే పురుగులు బోలెడు. బెరడు లేపాక ఫొటో పెట్టండి, కంపోస్ట్‌లో మాత్రం వెయ్యకండి ఆ ముక్కల్ని.