లండన్ సంత వ్యాపారి మాటల్లో ‘కార్పెట్’ అంటే ముప్పై పౌండ్లా, మూడు వందలా?

తూర్పు లండన్ సంతలో పండ్లు అమ్మిన ఒక పెద్దాయన జ్ఞాపకాల రికార్డింగును తెలుగులోకి తెస్తున్నాను. డబ్బు మొత్తాలన్నీ ఆయన మారుపేర్లతోనే చెబుతారు. చాలావరకు తేలాయి: స్కోర్ ఇరవై పౌండ్లు, పోనీ ఇరవై అయిదు, టన్ వంద, మంకీ అయిదు వందలు. ‘ఫైవర్’తో ప్రాస కుదిరింది కాబట్టి లేడీ గొడైవా అంటే అయిదు పౌండ్లు. బాబ్ షిల్లింగు, టానర్ ఆరు పెన్నీలు; ఈ రెండూ 1971 ఫిబ్రవరి 15న దశాంశ పద్ధతి రాకముందు నాటి నాణేలు. అణా, బేడ, పావలా ఎరిగిన మన పాఠకులకు వీటిని అందించడం కష్టం కాదు.

చిక్కంతా ఒక్క వాక్యంతోనే. 1974లో పాత వ్యాను కొనడానికి ‘ఒక కార్పెట్, పైన ఒక పోనీ’ ఇచ్చానన్నారు. నిఘంటువులు వెతికితే ఒకచోట మూడు, ఒకచోట ముప్పై, మరోచోట మూడు వందలు అని ఉంది. గుర్రప్పందాల బుకీలు ఇదే మాటను ఒకటికి మూడు వచ్చే పందేనికి వాడతారు. మూడు పౌండ్లను నేను పక్కన పెట్టాను, అంత తక్కువకు వ్యాను రాదు. మిగిలినవి 55 పౌండ్లు, 325 పౌండ్లు. రెండూ నమ్మదగినవే. రికార్డింగులో వ్యాను ఎంత పాతదో, ఏ కంపెనీదో లేదు. పెద్దాయన ఇప్పుడు లేరు, పిల్లలను అడిగితే ఆ మాట తమకు తెలియదన్నారు. ఆయన జీవితంలోని మొత్తాన్ని ఊహించి రాయడానికి నాకు మనసొప్పడం లేదు.

1970లలో లండన్ సంతల్లో పనిచేసినవారు, వారితో బేరాలాడినవారు దయచేసి చెప్పండి: వ్యాను వంటి వస్తువు ధర చెప్పేటప్పుడు ‘కార్పెట్’ అంటే అక్కడ ముప్పై పౌండ్లా, మూడు వందల పౌండ్లా?