అధ్యక్ష ఎన్నికల రాత్రి: ఏ అంకె చూసి ఆశ పెట్టుకోవాలి?

కొత్త ఓటరు
2028 నవంబర్ 7న పెన్సిల్వేనియాలో అధ్యక్ష ఎన్నికకు మొదటి ఓటు వేయబోతున్నాను. రాత్రి పదింటికి మా అభ్యర్థి వెనకబడితే ఆశ వదులుకోవాల్సిందేనా? ముందుంటే సంబరపడొచ్చా? ఇండియాలో మా అమ్మమ్మ కూడా చూస్తానంటోంది, అక్కడ ఎన్నింటికి మొదలవుతుంది?

లెక్కల పిచ్చి
ఆధిక్యం కాదు, ఇంకా ఏ ఓట్లు మిగిలాయో చూడండి. మీ రాష్ట్రంలో పోస్టల్ ఓట్ల కవర్లు పోలింగ్ రోజు ఉదయం 7కి ముందు తెరవకూడదు. కాబట్టి చాలాచోట్ల బూత్ ఓట్లే ముందు కనబడతాయి. 2020లో పోస్టల్ ఓటర్లలో బైడెన్ పార్టీ అయిన డెమోక్రాట్లు బాగా ఎక్కువ. ట్రంప్ దాదాపు 7 లక్షల ఓట్లు ముందుకెళ్లాక కూడా చివరికి బైడెన్ 80 వేల పైచిలుకుతో గెలిచారు. మంగళవారం పోలింగైతే తేలింది శనివారం. ఫ్లోరిడాలో పోస్టల్ ఓట్లు ముందే సిద్ధం చేసుకుంటారు, అందుకే అక్కడ తొమ్మిదింటికి కనిపించే ఆధిక్యానికి బరువుంటుంది. మీ దగ్గర అదే టైముకి ఉండదు.

మీ రాష్ట్రంలోని ఈరీ, నార్తాంప్టన్ కౌంటీల (మన జిల్లాల్లాంటివి) ఫలితాల పేజీలు తెరిచి పెట్టుకోండి. రెండూ 2016లో ట్రంప్‌కి, 2020లో బైడెన్‌కి, 2024లో మళ్ళీ ట్రంప్‌కి వేశాయి. లెక్క దాదాపు పూర్తయ్యాక అక్కడి తేడాని 2024 తేడాతో పోల్చండి. నాలుగైదు కౌంటీలు ఒకే వైపు జరిగితే అప్పుడు నమ్మొచ్చు. ‘70 శాతం లెక్కించారు’ అన్నది మాత్రం అంచనాయే, మొత్తం ఎన్ని ఓట్లో ఆ రాత్రికి ఎవరికీ తెలియదు.

పాత కాపు
దేశం మొత్తం ఓట్ల మీద ఆశ పెట్టుకోకండి. 2016లో హిల్లరీ క్లింటన్‌కి 28 లక్షలకు పైగా ఎక్కువొచ్చినా ఓడారు. కావాల్సింది రాష్ట్రాలవారీగా గెలుచుకునే 538 ఎలక్టోరల్ ఓట్లలో 270. 2000లో టీవీలవాళ్ళు ఫ్లోరిడాని ముందు డెమోక్రాట్ గోర్‌కి, తర్వాత రిపబ్లికన్ బుష్‌కి ఇచ్చేసి రెండుసార్లూ వెనక్కి తీసుకున్నారు. చివరి తేడా 537 ఓట్లు! పోలింగ్ ముగిసిన నిమిషానికే టీవీలవాళ్ళు కొన్ని రాష్ట్రాల్లో విజేతని ప్రకటిస్తే కంగారుపడకండి, అవి ఎప్పుడూ ఒకే పార్టీవి, ఓటర్ల సర్వేలు కూడా చేతిలో ఉంటాయి.

అత్తయ్య గారు
ఇవన్నీ సరే, ముందు మీ ఓటు లెక్కలోకి రావాలి కదా. పోస్టల్‌గా వేస్తే బ్యాలెట్‌ని లోపలి గోప్యత కవర్లో పెట్టాకే బయటి కవర్లో పెట్టండి. లోపలిది మర్చిపోతే ఓటు చెల్లదు. ఆ రాత్రి 8 లోపు కౌంటీ ఆఫీసుకి చేరాలి, పోస్టు ముద్ర తేదీ పనికిరాదు.

అమ్మమ్మ గారికి: నవంబర్ 5నే ఇక్కడ గడియారాలు మారతాయి కనుక మీ దగ్గర పోలింగ్ ముగిసే రాత్రి 8 అంటే వాళ్ళకి బుధవారం ఉదయం 6:30. ఆవిడకి ఇంకోటి కూడా చెప్పండి. ఇండియాలో ఉదయం 8కి పోస్టల్ బ్యాలెట్లతో మొదలుపెట్టి ఎన్నికల సంఘమే ఫలితం చెబుతుంది. ఇక్కడ ఆ రాత్రి ‘గెలిచారు’ అనేది వార్తాసంస్థలు. అధికారిక లెక్క రాష్ట్రాలు తర్వాత తేలుస్తాయి, ఆ 538 ఓట్లు వేసే ఎలక్టర్లు ఓటేసేది డిసెంబర్‌లో.