కురిక్యాల కందంలో ఆ "త్తిన" ఏమిటి?

పాతగడప: కరీంనగర్ వైపు మా ఊళ్ళో పాత తహసీల్ కచేరికి వందేండ్లయింది. గుర్తుగా ముందర నల్ల గ్రానైటు రాయి నిలబెడుతున్నారు. పైన ఒక పద్యపాదం ఉండాలని, "నువ్వు చదువుకున్నోడివి గదా" అంటూ ఆ పని నాకు అంటగట్టారు. కురిక్యాల గుట్ట బండ మీద చెక్కిన జినవల్లభుడి కందం నాలుక మీద ఆడుతోంది. "జిన భవనము లెత్తించుట" బాగానే గుర్తుంది. మూడో పాదం దగ్గర "...త్తిన" అని ఆగిపోతున్నాను. నత్తినా? అత్తినా? అడుగున "నూరేండ్లు నిండిన సందర్భంగా" అని ఎట్లాగూ వేస్తున్నారు.

కందపిచ్చి: పూర్తి పద్యం ఇదిగో అన్నా.

జిన భవనము లెత్తించుట
జిన పూజల్సేయుచున్కి జినమునులకున
త్తిన యన్నదాన మీవుట
జినవల్లభుఁ బోలఁ గలరె జినధర్మపరుల్

రెండో పాదం చివర గురువు పడాలి. "న" పక్కన "త్తి" వచ్చి ఆ పని చేసింది. ప్రాస "న" కూడా కుదిరింది. అంటే అక్షరమేమీ జారిపోలేదు. జినమునులకున్ + అత్తిన. అత్తిన అంటే అర్తిన, ప్రీతితో. అంతే.

హన్మకొండ మాస్టారు: "అంతే" అనకు తమ్ముడూ. అర్తిలో రేఫ, ఆ "ర", ఎటు పోయింది? కింది పాదంలో "ధర్మ" రేఫతో నిక్షేపంగా ఉంది కదా. అతుకు, అత్తుకొను తెలుసుగా? ఇదీ ఆ ధాతువే. మునులకు అతికిన అన్నం, అంటే తగిన అన్నం. జైనమునులు పొద్దుగూకినాక ముద్ద ముట్టరు. వాళ్ళ నియమానికి సరిపడేట్టు పెట్టాడని నా ఊహ. ముప్పై ఏండ్లుగా చెప్తున్నా, ఎవరూ కాదనలేదు.

కందపిచ్చి: ఎవరూ ఔననలేదు కూడా కదా సారూ.

యతిమైత్రి: మీరిద్దరూ అచ్చులో చూసి కొట్లాడుతున్నారు. నేను ఆ శాసనమున్న బొమ్మలగుట్ట ఎక్కి చూశాను. జైనదేవత చక్రేశ్వరి, తీర్థంకరుల బొమ్మల కింద బండ మీదనే అక్షరాలు. నడినెత్తిన ఎండ ఉంటే గీతకూ పగులుకూ తేడా తెలియదు, ఏటవాలుగా పడితేనే చదవగలం. "నొత్తిన" ఎందుకు కాకూడదు? ఒత్తి ఒత్తి వడ్డించడం మన దగ్గర ఇప్పటికీ ఉన్నదే.

హన్మకొండ మాస్టారు: మేడం, అది బంతిభోజనం. మునులకు కాదు.

కందపిచ్చి: ఒకటి మాత్రం ఒప్పుకోండి. క్రీ.శ. 945 ప్రాంతంలో, నన్నయకు వందేండ్ల ముందే, గంగాధర దగ్గర ఒక గుట్ట మీద ఇంత సాఫీ కందం! జినవల్లభుడి అన్న పంపడు వేములవాడలో అరికేసరి కొలువులో కన్నడంలో రాస్తుంటే, తమ్ముడు ఇక్కడ సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఒకే బండకెక్కించాడు.

చిన్నకోమటిపల్లె: అయ్యా, "త్తిన" తర్వాత. ఆ "నూరేండ్లు నిండిన" ముందు ఆపండి! నూరేండ్లు నిండినయంటే ఏమని అర్థం? మా అమ్మమ్మ వింటే కచేరికి స్నానం చేసి వస్తుంది.

పాతగడప: అయ్యో. మరి "నిండు నూరేండ్లు" అంటే?

చిన్నకోమటిపల్లె: అది దీవెన. మాట అటుదిటయితే బతుకు చావవుతుంది.

యతిమైత్రి: "వందేండ్ల కచేరి" చాలు. ఇంకో సంగతి, వందేండ్లని ఎట్లా లెక్కకట్టారు?

పాతగడప: గడప పైన ఉర్దూ పలక ఉంది. 1335 అని అంకె.

యతిమైత్రి: ఫసలీ, అంటే నిజాం కాలపు రెవెన్యూ లెక్క, అయితే 590 కలపాలి, 1925. హిజ్రీ అయితే 1916-17, మీ పండుగ ఎప్పుడో దాటిపోయింది. అంకె పక్కన "ఫ" ఉందా చూడండి.

హన్మకొండ మాస్టారు: ఇదంతా ఎందుకు, పోతన పాదం చెక్కించండి. బమ్మెర మనదే.

కందపిచ్చి: "ఇమ్మనుజేశ్వరాధముల కిచ్చి" అని రాజులను అధములన్నవాణ్ణి సర్కారు కచేరి ముందరా? సారూ!

హన్మకొండ మాస్టారు: అందుకే అంటున్నా. లోపలికి వెళ్ళేవాళ్ళు చదువుకుంటారు. అసలు ఆ పద్యంలో "పురంబులు వాహనంబులున్ సొమ్ములు గొన్ని పుచ్చుకొని" దగ్గర "గొన్ని" చూడు. కొన్నే! కావ్యం అమ్ముకుని తీసుకున్నది అంతే అని ఆ ఒక్క మాటతో వెక్కిరించాడు. ఆయన్ని కడప వైపు ఒంటిమిట్టకు లాక్కుపోదామని చూస్తారు గానీ...

చిన్నకోమటిపల్లె: ఒంటిమిట్ట మొదలుపెట్టకండి, తెల్లారుతుంది.

పాతగడప: శిల్పి ఫోన్ చేశాడు. సుద్దతో "జినమునులకు" దాకా గీశాడట. పాదం చివర "న" పెట్టాలా వద్దా అని అడుగుతున్నాడు.

కందపిచ్చి: పెట్టాలి! లేకపోతే గురువు పోతుంది.

యతిమైత్రి: ఒక్క పాదమే అన్నారు కదా, రెండోది ఎందుకు గీస్తున్నాడు?

హన్మకొండ మాస్టారు: "నొ" మాత్రం పెట్టనీయకు.